ఊలు దారం వాసన

సూరత్‌లో మార్చి నెల ఎండలో ఊలు బట్టలు కొనడానికి బయల్దేరితే ఎవరికైనా నవ్వొస్తుంది. మా ఆటో అతనికి వచ్చింది. కాశ్మీర్ పోతున్నారా అని హిందీలో అడిగాడు. "కాశ్మీర్ గాదు, నా బిడ్డ ఓడ ఎక్కుతుంది. నార్వే!" అన్నాడు బాపు, తెలుగులోనే. అతనికి ఒక్క ముక్క అర్థమై ఉండదు, అయినా తల ఊపాడు. ఆ వారమంతా బాపు ఈ మాట అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్తూనే ఉన్నాడు. నాకు పైకి సిగ్గుగా ఉండేది, లోపల బాగానే ఉండేది.

కరోనా వచ్చిన రెండో ఏడది. హోటల్ పని కోర్సు చేసి, ఒక హోటల్లో చేరి నిలదొక్కుకునేలోపే మొదటి లాక్‌డౌన్ వచ్చి ఆ హోటల్ మూతపడింది. ఇక ఏడాదిపాటు సూరత్ శివారు భేస్తాన్‌లో మా ఇంట్లోనే, అమ్మ పక్కన కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించాను. మిల్లు నుంచి చీరల కట్టలు వస్తాయి, కత్తిరించి తిరిగి పంపాలి. అమ్మ ఆ పని మాట్లాడకుండా చేస్తుంది. నేను కత్తెరను తిట్టుకుంటూ చేసేదాన్ని. నేను తెలుగు అక్షరాలు మున్సిపాలిటీ తెలుగు బడిలో నేర్చుకున్నాను గానీ, కోపం మాత్రం బాపు దగ్గరే నేర్చుకున్నాను.

చివరికి ముంబయిలో ఒక ఏజెంటు, టూరిస్టులను తిప్పే పెద్ద ఓడలో గదులు సర్దే పని ఇప్పించాడు. పోవడానికి మిగిలింది ఒకటే. బయల్దేరే ముందు కరోనా టెస్టు చేయించుకోవాలి, అందులో ఏమీ లేదని రావాలి. అలా వస్తే ఓడ, లేకపోతే మళ్లీ కత్తెర.

నార్వే చలికి ఒక్క లావు కోటు పనికిరాదు, మూడు పొరలుండాలి అని ఏజెంటు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఒంటికి అతుక్కుని ఉండే పల్చటి ఊలు బనీను, దాని మీద వెచ్చటి స్వెట్టర్, ఆపైన గాలినీ నీళ్లనీ ఆపే జాకెట్. కంపెనీ ఇచ్చే డ్రెస్సు ఓడ లోపల పనికే. డెక్కు మీదికి రావాలన్నా, ఒడ్డుకు దిగాలన్నా ఎవరి బట్టలు వాళ్లవే. బాపు ఆ మెసేజ్‌ను మళ్లీ మళ్లీ విని, బట్టల సంగతి తనకు వదిలెయ్యమన్నాడు.

బాపు కరీంనగర్ పక్కనుంచి పెళ్లికి ముందే సూరత్ వచ్చి, అప్పటినుంచీ మరమగ్గాల మీద పాలిస్టర్ చీరల బట్టే నేస్తున్నాడు. అయినా ఒంటి మీద నూలు తప్ప వేసుకోడు. తను నేసే బట్టంటే అంత చిన్నచూపు ఉన్న నేతగాణ్ణి నేనింకెవర్నీ చూడలేదు. "చెమట పీల్చదు, గాలాడదు, నిప్పు తాకితె ఒంటికి అంటుకుంటది. నా బిడ్డకు నేను నేసే బట్ట వద్దు" అనేవాడు. ఫోన్‌లో పాలిస్టర్ ఫ్లీసు స్వెట్టర్ చూపించి, మంచుదేశాల వాళ్లు కూడా ఇవే వేసుకుంటున్నారు బాపూ అంటే, "ఆళ్లకు తెల్వక ఏసుకుంటున్రు" అని కొట్టిపారేశాడు. నార్వే వాళ్లకు చలి సంగతి తెలియదని సూరత్‌లో కూర్చుని తేల్చేశాడన్నమాట. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. మేం బయల్దేరుతుంటే అమ్మ చీర మీంచి తలెత్తి, ఎండగా ఉంది, నీళ్ల సీసా పట్టుకుపొమ్మంది.

చలికాలంలోనైతే రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మేవాళ్లు కూర్చుంటారు. మార్చిలో ఎవరుంటారు? చౌక్ బజార్ దగ్గర, కేదార్‌నాథ్ యాత్రకు పోయేవాళ్ల కోసం ఏడాది పొడవునా ఉన్ని బట్టలు పెట్టే చిన్న దుకాణం ఉందని ఎవరో చెప్తే అక్కడికి వెళ్లాం. ఊళ్లో కేసులు మళ్లీ పెరుగుతున్నాయి. దుకాణదారు గుమ్మానికి అడ్డంగా తాడు కట్టుకుని కూర్చున్నాడు. వేరే బేరం లేదు కాబట్టి తాడు విప్పి మమ్మల్ని రానిచ్చాడు.

బట్ట అసలుదో కాదో తెలుసుకోవడానికి మావాళ్లకు ఒక పరీక్ష ఉంది. అంచు దగ్గర ఒక దారం లాగి, అగ్గిపుల్లతో ముట్టించి, వాసన చూస్తారు. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది. పాలిస్టరైతే అదోరకం తియ్యటి మందు వాసన. ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన. మగ్గం పనిలో కొత్తగా చేరినవాడికి కూడా ఇది తెలుసు. బాపు మాస్కు గడ్డం కిందికి లాగి, మొదటి స్వెట్టర్ దారం ముట్టించాడు. "ఉత్తదే" అన్నాడు. ఇంకోటి తీయించాడు. "గిది గూడ ఉత్తదే." దుకాణదారు ముఖం మాడ్చుకుని పై అరలోంచి మరోటి దించాడు. ఇది లూధియానా మాలు, ప్యోర్ ఊలు, కాకపోతే నా పేరు మార్చుకుంటా అని గుజరాతీలో ఒట్టు పెట్టుకున్నాడు. బాపు ఆ దారమూ కాల్చి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అంత ధోకా! అసలు వాసనే లేదు" అని స్వెట్టర్‌ను బల్ల మీదికి విసిరాడు.

ఏ దారమైనా కాలితే ఏదో ఒక వాసన రావాలి. అసలు వాసనే లేదన్న మాట తన నోటి నుంచి వచ్చాక కూడా బాపుకు తట్టలేదు.

నాకు మాత్రం వెంట్రుకలు కాలిన వాసన గుప్పుమంది. ముక్కు మీద మాస్కు ఉంది, ఆయనకు కొంచెం ఎడంగానే నిలబడ్డాను, అయినా గుప్పుమంది. మొదటి రెండిటికీ కూడా వచ్చింది. బాపు కాదన్నాడు కాబట్టి నేనే పొరబడ్డాననుకున్నాను. బట్ట విషయంలో ఆయన మాట కాదనే అలవాటు మా ఇంట్లో లేదు.

"బాపూ, వాసన వస్తుంది" అన్నాను.

"ఏం వాసన?"

"ఎంటికలు కాలిన వాసన. జోరుగ వస్తుంది."

ఆయన ఇంకో దారం లాగి ముట్టించి, కళ్లు మూసుకుని పీల్చాడు. వేలు చురుక్కుమనేదాకా పీలుస్తూనే ఉన్నాడు. కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఏదో తప్పు చేస్తూ పట్టుబడినవాడి చూపు అది. మా బాపును నేనెప్పుడూ అలా చూడలేదు. ముందురోజు నుంచి ఒళ్లు నొప్పులంటున్నాడు, ఎండదెబ్బ అనుకున్నాం. వాసన పోతే కరోనా అని అప్పటికి ఊరందరికీ తెలుసు.

మాస్కు పైకి లాక్కుని గబగబా బయటికి పోయాడు. రోడ్డు దాటి అటు ఫుట్‌పాత్ మీద నిలబడి, "నువ్వు నా దగ్గరికి రాకు! అవి కొను!" అని అరిచాడు. ఆయన ఎండలో, నేను పంకా కింద. బనీను మీద స్వెట్టర్, దాని మీద జాకెట్ తొడుక్కుని చెమటలు కక్కుతూ గుమ్మం దాకా వస్తే, అటునుంచి కేకలు. "చేతులు మీదికి లేపు! నడుము కాడ గాలి సొస్తది, ఇంకో సైజు పెద్దది అడుగు!" బస్సు అడ్డమొస్తే ఆగేవాడు, అది పోగానే మళ్లీ మొదలు. "జిప్పు మీద పట్టీ ఉన్నదా? లేకుంటె జిప్పులకెళ్లి చలి కొడ్తది!" ఎవరికి కావాలి ఈ జాకెట్ అని అరవాలనిపించింది. అరవలేదు, జిప్పు మీది పట్టీ ఎత్తి చూపించాను. దుకాణదారుకు కూడా సంగతి తెలిసిపోయింది. సంచీ బల్ల చివరికి తోసి తను గోడ దాకా వెనక్కి జరిగాడు.

రోడ్డుకు చెరోపక్క నిలబడే ఫోన్‌లో మాట్లాడుకున్నాం. తను ఇంటికి రాడట. ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, దారం బాబిన్లు పెట్టే కొట్టు ఖాళీగా ఉంది, అందులో పడుకుంటాడట.

"నాకు రాత్ పాళీ పడ్డదని మీ అమ్మకు చెప్పు. నువ్వు టెస్టు చేయించుకొని పో."

"మరి నీకు టెస్టు?"

"నాకెందుకు? నాకున్నదని తేలితె మున్సిపాలిటీ ఓళ్లు మన తలుపుకు కాయితం అంటిస్తరు. ఇంట్ల ఉన్నోళ్లందరు లోపల్నే. ఇగ నువ్వెట్ల పోతవు?"

"జరం ఎక్కువైతె?"

"ఎక్కువైతె తక్కువైతది."

"పోయినేడు మన గల్లీల పోయినోళ్లంత గిట్లనే అన్నరు, బాపూ."

"మీ అమ్మకు చెప్పినవంటె నేను నీతోని మాట్లాడ" అని ఫోన్ పెట్టేసి, నా కళ్ల ముందే సందులోకి తిరిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం అమ్మ అడిగితే బాపుకు రాత్ పాళీ, రాత్రంతా మగ్గం పనే అన్నాను. ఆమె జాకెట్ లోపలి కుట్లు తిప్పి చూసి, ఒకచోట వదులుగా ఉందని సూదీ దారం తీసుకుని గట్టిగా కుట్టింది. నేను ఆమె ముఖం చూడలేకపోయాను. పొద్దున బాపుకు ఫోన్ చేస్తే మగ్గాల చప్పుడులోంచి దగ్గు వినిపించింది. మాట్లాడబోతాడు, దగ్గొస్తుంది, మళ్లీ మాట్లాడబోతాడు. ఆ ఓడ నాకు ఎంత కావాలో నాకే తెలుసు. దానికోసం ఎన్ని దేవుళ్లకు మొక్కానో, కత్తెర పట్టుకున్న ప్రతిరోజూ దాన్ని ఎంతగా తలచుకున్నానో ఎవరికీ చెప్పలేదు. అయినా ఆ దగ్గు విన్నాక ఇంకో గంట దాచుకోవడం నావల్ల కాలేదు. అమ్మకు అంతా చెప్పేశాను.

అమ్మ కత్తెర కింద పెట్టింది. "ఏ ఖాతా?" అంది. అంతే అడిగింది. కొంగు ముక్కుకు చుట్టుకుని వెళ్లి, ఆయన్ను ముందు నడిపించుకుంటూ వచ్చింది. దారిలో టెస్టు చేసే డేరా దగ్గర ఆపి చేయించే తీసుకొచ్చింది. ఆయన నా వైపు చూడకుండా లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. అనుకున్నట్టే ఆయనకు ఉందని తేలింది. అనుకున్నట్టే మా తలుపుకు కాగితం అంటించారు.

నాకూ అమ్మకూ టెస్టులో ఏమీ లేదని వచ్చింది. అది చూసి నాకు ఆశ పుట్టింది. వెంటనే ఏజెంటుకు ఫోన్ చేశాను. ఇంట్లో కేసుంటే కంపెనీ తీసుకోదన్నాడు. నాకేమీ లేదు కదా సార్ అని బతిమాలాను. రూలు రూలే అన్నాడు. నా బదులు వేరే అమ్మాయిని పంపించాడు. ఆమె ఎవరో నాకు తెలియదు గానీ, చాలా రోజులు ఆమెను మనసులో తిట్టుకున్నాను.

బాపుకు జ్వరం దిగితే దగ్గు, దగ్గు ఆగితే జ్వరం. ఒకరోజు వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ అంకె దిగడం మొదలైంది. ఆస్పత్రుల్లో మంచాల్లేవు. మెయిన్ రోడ్డు మీద అంబులెన్సుల చప్పుడు ఆగేది కాదు. ఫోన్‌లో డాక్టరు చెప్పినట్టు అమ్మ ఆయన్ను బోర్లా పడుకోబెట్టి, వీపు మీద చెయ్యేసి పొద్దంతా అలాగే కూర్చుంది. నువ్వు లోపలికి పోవద్దమ్మా అంటే నన్ను కసిరింది. మర్నాటికి అంకె మెల్లగా పైకి వచ్చింది. ఆ కొట్టులో ఒక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. తనకేమీ అయ్యేది కాదని బాపు నమ్మకం. నా నమ్మకం వేరు.

ఆయన లేచి తిరిగేసరికి మన దేశం నుంచి వచ్చేవాళ్లను చాలా దేశాలు రావద్దనడం మొదలుపెట్టాయి. ముందు వెళ్లినవాళ్లు వెళ్లారు, మిగిలినవాళ్లు మిగిలారు. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. చుట్టూ ఇంటికొకరు పోతున్న రోజుల్లో నా ఉద్యోగం పోయిందని ఏడిస్తే ఎవరైనా నవ్వుతారు. అందుకని ఏడవలేదు. కట్టలు కట్టలుగా చీరలు కత్తిరించాను. బాపు అన్న మాట ప్రకారం నాతో మాట్లాడలేదు. మంచినీళ్లు కావాలన్నా "దానికి చెప్పు" అని అమ్మతో అనేవాడు. ఒకే గోడకు అటూ ఇటూ ఉండి మేం ఇలా బతికాం.

తలుపు మీది కాగితం తీసేసిన కొన్నాళ్లకు, మొదటిసారి ముగ్గురం ఒకచోట అన్నానికి కూర్చున్నాం, అమ్మ వడ్డిస్తోంది. బాపు బాగా చిక్కిపోయాడు, బనీను భుజాల మీంచి జారుతోంది. కంచంలోకి చూస్తూనే, "నువ్వు ఆ దినం వాసన వస్తుందని అనకుంటె అయిపోతుండె" అన్నాడు.

అన్ని రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"అనకుంటె నువ్వు ఉంటుంటివా?" అన్నాను.

"నేను ఉంటుంటినో లేకుంటినో. నువ్వైతె పోతుంటివి."

పప్పులో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. తన ప్రాణాన్ని కూడా మడతపెట్టి నా సామాన్లలో సర్దేద్దామనుకున్నాడు ఈ మనిషి. "అట్ల పోయే ఓడ నాకెందుకు? నిన్నెవరడిగిన్రు?" అని అరిచాను. నీ కోసమే గదా అని ఆయన అరిచాడు. నేనూ నీ కోసమే చెప్పిన అని నేను. ఆయనకు దగ్గు వచ్చేదాకా ఇద్దరం ఇదే మాట ఒకరి మీద ఒకరం విసురుకున్నాం.

అమ్మ గరిటెను గిన్నెలో పడేసింది.

"ఒకలు ఓడెక్కుతరు, ఒకలు పాడెక్కుతరు" అంది. "ఇద్దరు మంచిగనే కూడబలుక్కున్నరు. మరి నేనేం ఎక్కాలె?"

అమ్మ తన కంచంలో అన్నం పెట్టుకుని, మా వైపు చూడకుండా తినడం మొదలుపెట్టింది.