సభ్యుడి క్లాసులో నాలుగో ప్రాపర్టీ

2007 ఆగస్టు 12, ఆదివారం, విజయవాడ. ఉన్నవారు: నేను, నెట్ సెంటర్ నడిపే భాయ్, మా పింఛనుదారుల సంఘం కార్యదర్శి.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. నా భార్య పోయాక ఆ పేజీల్లో ఇంకొకరి ప్రస్తావన రావడం అరుదు. ఆదివారాలు గడవక భాయ్ దగ్గర వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష నేర్చుకున్నాను. సంఘానికి వెబ్‌సైట్ తయారుచేస్తున్నాను. మర్నాడు పొద్దున సభ్యులకు చూపించాలి. కుదరకపోతే బయటివాళ్లకు ఇచ్చేద్దామని కార్యదర్శి మర్యాదగానే చెప్పారు. ఇచ్చేస్తే నాకు వెళ్లడానికి ఇంకో చోటు లేదు.

సభ్యుల పేజీ తెరిచాం. ప్రతి పేరు కిందా ఊరు, ఫోను, జబ్బుపడితే కబురు చేయాల్సిన మనిషి. అందరివీ సరిగ్గానే వచ్చాయి. నా పేరు కింద మాత్రం, కబురు చేయాల్సిన మనిషి దగ్గర, అలాంటి ప్రాపర్టీయే, అంటే ఆ వివరానికి చోటే, లేదంటూ ఇంగ్లీషులో ఒక హెచ్చరిక. కార్యదర్శి దాన్ని చదివి, రేపు చూద్దాంలెండి అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

హెచ్చరిక కనపడకుండా చేయొచ్చా అని భాయ్‌ని అడిగాను.

"గండి మీద తడిక కప్పుతారా సార్? కాలవల శాఖలో ఇదేనా మీరు చేసింది?"

నవ్వుతూనే కోడ్ పైనుంచి చదివారు. సభ్యుడి క్లాసు, అంటే ఒక్కో సభ్యుడి వివరాలు తయారయ్యే అచ్చు, నేనే రాశాను. దాని మొదట్లో ప్రాపర్టీలేవీ చెప్పలేదు. వివరం దొరికితే అప్పటికప్పుడు పుట్టించి నింపేలా రాశాను. కబురు చేయాల్సిన మనిషి లేనిది నాకొక్కడికే. ఆ అచ్చులోంచి నా పేరిట తయారైన ఆబ్జెక్టులో ఆ ప్రాపర్టీ పుట్టనేలేదు.

"ముందు అన్నీ పైన చెప్పేయండి. విలువ సంగతి తర్వాత. లేకపోతే లేదు, చోటన్నా ఉండాలి గదండీ."

ఉయ్యూరు సెక్షన్లో పనిచేసినన్నాళ్లూ కాలవ కట్టేసిన రోజున కూడా నీటిమట్టం గడిలో సున్నా వేసినవాణ్ని. ఇక్కడ గడే గీయలేదు.

క్లాసు మొదట్లో పేరు, ఊరు, ఫోను రాశాను. నాలుగోది కబురు చేయాల్సిన మనిషి. అదీ రాసి, విలువ ఖాళీ అని పెట్టాను. హెచ్చరిక పోయింది. నమాజు వేళయిందని భాయ్ షట్టర్ సగం దించారు. నేను ఇంటికి నడిచాను.

మర్నాడు పొద్దున సంఘం ఆఫీసులో పేజీ తెరుచుకుంది. ఎవరి పేరు వాళ్లు వెతుక్కున్నారు. సైటు మీ చేతిలోనే ఉండనివ్వండి అన్నారు కార్యదర్శి. తర్వాత నా పేరు దగ్గర ఆగారు.

"ఇక్కడ ఎవరిని వేయమంటారండీ?"

ప్రస్తుతానికి ఖాళీగానే ఉంచమన్నాను.