అడగకుండా ఆగిన నాలుగేళ్లు

"మీ దరఖాస్తును ఎవరూ తెరవలేదండీ," అంది పేటెంట్ ఆఫీసు కౌంటర్లో కూర్చున్న అమ్మాయి.

తెరవకపోవడమేమిటి? నాలుగేళ్లుగా మా ఆయన కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నది దాని కోసమే కదా!

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు. కొట్టు వెనక గదిలో నేను బట్టలు కుడతాను. ఒకరోజు సూది నా చూపుడువేలి గోట్లోంచి కిందికి దిగిపోయింది. నాకంటే ఆయనే ఎక్కువ ఏడ్చారు. ఆ తర్వాత తిండీ నిద్రా మానేసి, సూది దగ్గర వేలు తగిలితే మిషన్ టక్కున ఆగిపోయే చిన్న మీట ఒకటి తయారుచేశారు. నాకు ఎంత గర్వమో! పేటెంట్ చేతికొస్తే సొంతంగా ఒక షెడ్డు వేసి వాటినే తయారు చేయాలని ఆయన ఆశ. దరఖాస్తు రాయించి, పెట్టి, ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే మా కొంప ముంచింది.

ఆయన కొట్లో ఒక పద్ధతి ఉంది. "అయిందా?" అని అడిగారో, వాళ్ల మిషన్ వరసలో చివరికి పోతుంది. నోరు మూసుకున్నవాళ్లది ముందు. మా అన్నయ్య రెండుసార్లు అడిగాడని అతని మిషన్‌ని ఏకంగా మూలకు నెట్టేశారు, మహానుభావుడు!

"ఒక్కసారి ఆఫీసుకెళ్లి కనుక్కోండి," అని నేనంటే కస్సుమనేవారు.

"పనిచేసేవాణ్ని సతాయిస్తే ఒళ్లు మండుతుందే. నాకు తెలీదా? మనదాన్ని అడుక్కి తోసేస్తారు."

ఆఫీసువాళ్లు దరఖాస్తు పరీక్షించడానికి ఏళ్లు పడతాయని తెలిసినవాళ్లూ చెప్పారు. దాంతో నేనూ నమ్మి ఊరుకున్నాను. ఈరోజు ఇక ఆగలేక, ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

"ఏళ్లు పట్టేమాట నిజమేనండీ," అంది ఆ అమ్మాయి. "కానీ దరఖాస్తు పెడితే సరిపోదు. దాన్ని పరీక్షించమని విడిగా అడగాలి. అలా అడిగినవాళ్లవే వరసలోకి వస్తాయి. మీరు అడగలేదు, గడువు పోయినేడే దాటిపోయింది. మీరు వెనక్కి తీసుకున్నట్టే లెక్క."

"అంటే... నేను అసలు వరసలోనే లేనా?" అన్నారాయన.

"లేరండీ."

"మళ్లీ పెట్టుకోవచ్చుగా?" అన్నాను, కౌంటరు గట్టిగా పట్టుకుని.

"మొదటిది ఎప్పుడో మా పేటెంట్ పత్రికలో అచ్చయి అందరికీ తెలిసిపోయింది కదమ్మా. అదే మీటకి ఇక పేటెంట్ రాదు. ఎవరైనా చేసుకోవచ్చు."

మా ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "మర్యాదకి ఊరుకున్నానమ్మా," అన్నారు. ఆ అమ్మాయి మా వెనకున్నవాళ్లని పిలిచింది.

దారి పొడుగునా చెడామడా తిట్టాలనుకున్నాను. ఆ మొహం చూసి, చెయ్యి పట్టుకుని కొట్టుకి తీసుకొచ్చాను.

కొట్టు తెరవగానే ఆయన తిన్నగా మూలకెళ్లి, దుమ్ము పట్టిన మా అన్నయ్య మిషన్‌ని బల్ల మీదికి ఎత్తారు. ముందు వరసలో ఉన్నవాటి వంక కన్నెత్తి చూడలేదు.

"ఏమండీ, ఇప్పుడు అదెందుకు?"

"మీ అన్నయ్య అడిగాడు కదే," అన్నారు. స్క్రూడ్రైవరు తీసుకుని మొదటి మర విప్పారు.