బకెట్ దాటి పొంగిన కొబ్బరి పీచు దిమ్మ

పొద్దున కుండీల కోసం తెప్పించిన కొబ్బరి పీచు దిమ్మను బాల్కనీలో పెట్టుకుని సుత్తితో కొడతా ఉన్నాను. ఇటుక మాదిరి ఉంది, అంచు కూడా ఊడలేదు. మోకాలి ఆపరేషన్ అయ్యి, పరగోడు నుంచి చిక్కబళ్ళాపురంలో మా ఇంటికి వచ్చిన అత్త నెల రోజులుగా కుర్చీ వదిలింది లేదు. ఆ చప్పుడుకి మెల్లగా లేచి వచ్చింది.

"ఏమ్మా, మన్ను గూడా కొంటాండారా మీరు?"

"మన్ను కాదత్తా, కొబ్బరి పీచు పొడి. గట్టిగా అదిమి అమ్ముతారు."

"అట్లయితే కొట్టేదెందుకు? నీళ్ళల్లో నానేస్తే అదే ఇడుస్తాది."

బకెట్లో వేసి నీళ్ళు పోశాను. అరగంటకి చూస్తే పొంగి, బకెట్ దాటి కింద పడతా ఉంది. అత్త పడిపడి నవ్వింది. ఇంక నన్ను ముట్టనీయలేదు. స్టూల్ వేయించుకుని కూర్చుని, గడ్డలన్నీ వేళ్ళతో చిదిపి, ఎర్రమన్ను, పేడ ఎరువు కలిపి కుండీలు నింపింది. అన్నిట్లోనూ మిరప విత్తనాలే వేసింది. నేను అనుకున్నది గులాబీలు.

సాయంత్రం ఊర్లో చెల్లెలికి ఫోన్లో చెప్తా ఉంది: "మా కోడలు సుత్తి తీసుకోని కొడతా ఉండె! నేను పోకుంటే ఏమయ్యేదో!"

పక్క గదిలో నేనూ నవ్వుకున్నాను. గులాబీలకు ఇంకో దిమ్మ తెప్పిస్తాలే. మీ ఇండ్లల్లో కుండీల పెత్తనం ఎవరిది?