చక్రాల మిషనూ షెడ్డు వాటమూ

ఆ రోజుల్లో నాకు రెండే పనులుండేవి. ఆఫీసుకు వెళ్లడానికి ట్రాఫిక్‌లో కూర్చోవడం, ఇంటికి రావడానికి మళ్లీ అదే ట్రాఫిక్‌లో కూర్చోవడం. మధ్యలో కాస్త ఉద్యోగం కూడా చేసేవాణ్ణి. అంతలా అలసిపోయినవాడు ఆదివారం పూట హాయిగా పడుకోవాలి గానీ, పీణ్య దాకా వెళ్లి చక్రాల బ్యాలెన్సింగ్ మిషన్ కొనుక్కొచ్చుకోకూడదు. ఈ జ్ఞానం ఇప్పటిది. అప్పటికి ముప్పై నిండలేదు, పైగా వీడియో చూస్తే ఏ పనైనా వచ్చేస్తుందని నమ్మకం.

అప్పుడు మా ఆవిడకు ఏడో నెల. పురిటికి వెళ్లాల్సిన పుట్టిల్లు పీణ్య దగ్గర, మా అద్దె ఇల్లు బ్రూక్‌ఫీల్డ్‌లో, అంటే ఊరికి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. మామూలుగా పుట్టింటివాళ్లే వచ్చి తీసుకెళ్తారు. కాదు, నా కారులో నేనే దించుతానని పట్టుబట్టాను. (కొత్త అల్లుడి పౌరుషం. కారు మాత్రం పాతది.) ఆ కారుకు వేగం యాభై దాటితే చలిజ్వరం వచ్చినట్టు వణుకు. ఈ ఊళ్లో యాభై దాటడమే గగనం కనుక నేను పట్టించుకోలేదు. మా అత్తగారు పట్టించుకున్నారు. ఒకసారి ఎక్కి, దిగి, నడుం పట్టుకుని, "ఏమప్పా, ఇది కారా, పిండిమిషనా? నా బిడ్డను దీంట్లో తెస్తే దావలోనే కాన్పయిపోతాది. ఈ అదురు పోతే నువ్వే తోడుకొని రా. లేకుంటే శుక్రవారం మేమే వచ్చి పిల్చుకొని పోతాం" అన్నారు. శుక్రవారానికి ఇంకా ఆరు రోజులుంది.

చక్రాల బరువు అన్నివైపులా సమం చేస్తే ఆ అదురు పోతుంది, టైర్ల అంగట్లో ఇరవై నిమిషాల పని అది. కె.ఆర్.పురంలో ఒక అంగడికి ఆ సాయంత్రం ఒకసారి, మర్నాడు ఆదివారం పొద్దున ఒకసారి వెళ్లి, వరసలో నిల్చుని, నా వంతు రాకముందే విసుక్కుని వచ్చేశాను. ఇరవై నిమిషాల పనికి గంటసేపు ఎవడు నిలబడతాడండీ! అందుకని పీణ్యలో ఒక పాతసామాన్ల షెడ్డులో చిన్న మిషన్ చూసి కొనేశాను. ఇనప దిమ్మె, దాని మీద గొడుగులాంటి పళ్లెం, పళ్లెం నడుమ ఒక గాజు కన్ను, అందులో ఒక బుడగ. చక్రాన్ని పడుకోబెడితే, తేలికగా ఉన్నవైపుకు బుడగ జరుగుతుంది. అటువైపు అంచుకు సీసం ముక్కలు అంటిస్తూ పోతే బుడగ మధ్యకొస్తుంది. అంతే విద్య. అమ్మిన పెద్దాయన, "నేల మాత్రం మట్టంగా ఉండాల సార్" అన్నాడు. నేలేగా, అది ఎక్కడైనా మట్టంగానే ఉంటుంది అనుకున్నాను.

రెండు రోజులు సెలవు పెట్టి, మా కారు షెడ్డులో ఆ నాలుగు చక్రాలతో కుస్తీ పట్టాను. నడుం పోయింది. మా ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని జామకాయ తింటూ, "నాలుగు చక్రాలకూ గోడ పక్కనే బరువు తక్కువ ఉండాదే, అదెట్లా?" అంది. "అది తయారీలోనే లోపం, నీకు తెలీదులే" అన్నాను. (ఆడలేక మద్దెల ఓడన్నట్టు.) మొత్తానికి నాలుగు బుడగలూ మధ్యకు తెచ్చాను.

శుక్రవారం పొద్దున కారు అలా తిప్పుకొద్దామని బయల్దేరితే ముప్పైకే వణుకు పట్టుకుంది. తిరిగొచ్చేసరికి మా ఆవిడ సంచీతో గేటు దగ్గర సిద్ధంగా ఉంది. నా మొహం చూసి ఫోన్ తీసి, "అమ్మా, మీరే రాండి" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అత్తగారు టాక్సీలో వచ్చి, పాపం, "టిఫిన్ తిన్నావా అప్పా?" అని నన్నే అడిగారు. అదే ఇంకా కష్టంగా తోచింది.

వాళ్లు వెళ్లాక మిషన్ పక్కనే కూలబడ్డాను. పక్క స్థలంలో ఇల్లు కడుతున్న కదిరి మేస్త్రి మంచినీళ్ల కోసం వచ్చి, ఆ గాజు కన్నులోకి తొంగి చూశాడు.

"ఏం సార్, ఇంత పెద్ద రసమట్టం తెచ్చినారు?"

"రసమట్టం కాదు మేస్త్రీ, చక్రాల మిషన్."

"బుడగుండాది కదా సార్, రసమట్టమే. అయినా దీన్ని ఈడ పెట్టినారే? ఈ షెడ్డుకు గచ్చు పోసింది నేనే. వాననీళ్లు గేటు తట్టు పోయేదానికి రెండంగుళాలు వాటం ఇచ్చినా."

అంటే రెండు రోజుల పాటు నేను సరిచేసింది చక్రాలను కాదు, ఆయన పెట్టిన వాటాన్ని. మేస్త్రి నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు, కానీ ఆయన వల్ల కాలేదు. తర్వాత ఒక పెంకుముక్క తెచ్చి దిమ్మె కింద గేటువైపు దోపి, తన రసమట్టంతో సరిచూసి ఇచ్చాడు. సీసమంతా పీకేసి మళ్లీ మొదలుపెట్టాను. ఆదివారానికల్లా కారు పట్టుమీద జారినట్టు పోయింది. పక్క సీటు మాత్రం ఖాళీ.

బిడ్డకు మూడో నెల వచ్చాక తల్లీబిడ్డలను తీసుకురావడానికి దర్జాగా వెళ్లాను. ఈసారి అత్తగారు కూడా ఎక్కి, "ఇప్పుడు బాగుండాదప్పా" అన్నారు. ఆ మాట కోసమే కదా ఇంతా చేసింది! అయితే బండి కదిలిన దగ్గర్నుంచి పాప గుక్కపట్టి ఒకటే ఏడుపు. పాలకు ఆగలేదు, జోలకు ఆగలేదు. చివరికి మా వీధి గుంతల్లో పడి కారు దడదడలాడితే, అప్పుడు నోట్లో వేలేసుకుని నిద్రపోయింది.

"కడుపులో ఉన్నప్పటి అలవాటు" అని మా ఆవిడ పాపను చూసి, నన్ను చూసి, మెల్లగా అంది. "ఆ సీసం ముక్కలు ఇంకా ఉండాయా?"

ఉన్నాయి. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది, ఆ కారూ ఎప్పుడో పోయింది, అయినా సొరుగులో అవి అలాగే ఉన్నాయి.