అత్తగారి మూతి ఏ వైపునకు తిరుగును?

కటింగ్ మాస్టరుకు ఉన్న ఆస్తిపాస్తులు రెండే రెండు: కుడి చెయ్యి, నోరు. చేతితో బడి పిల్లల యూనిఫారాలకు గుడ్డ కత్తిరించేవాడు. నోటితో లోకంలో ఎవరినీ వదిలిపెట్టేవాడు కాదు. ఈ రెండు వ్యవహారాలూ ఏకకాలంలో నడవడం అతని ప్రత్యేకత. పొడవాటి బల్లమీద పొరలు పొరలుగా పరిచిన గుడ్డలో కత్తెర కరకరమని సాగిపోతుంటే, అతని గొంతులో నుంచి యజమాని దగ్గు, బ్యాంకు మేనేజరు విసుగు, కొలతలివ్వడానికి వచ్చి ఊపిరి బిగబట్టి పొట్ట దాచుకునే డ్రిల్లు మాస్టారి మాట, ఒకదాని వెంట ఒకటి వెలువడేవి. కత్తెర మాత్రం సుద్దగీత దాటిన పాపాన పోలేదు.

అన్నింటిలోకీ మిక్కిలి ఆదరణ పొందిన ప్రదర్శన "అత్తగారు బోర్డు చదువుట."

అత్తగారికి ఒక నియమం ఉన్నది. కంటబడిన ఏ బోర్డునూ చదవక విడిచిపెట్టరు. చదివినదానిని మనసులో ఉంచుకోరు. "తలుపు నెట్టుము" అని ఉంటే ముందు ఆ ఆదేశాన్ని పదిమందికీ వినిపించి, ఆ పిమ్మట నెట్టేవారు. "తడి నేల, జాగ్రత్త" అని ఉంటే ఆ తడిలోనే నిలబడి చివరిదాకా చదివేవారు. చదవడం ముగియగానే, అది రాసినవారి తెలివితేటలపై తమ అభిప్రాయం తెలియజేస్తూ, పెదవుల కుడికొసను చెంప మీదికి లాగేవారు. అల్లుడి అనుకరణలో కిటుకంతా ఆ లాగుడులోనే ఉన్నది.

ఆ మధ్య ఆవిడ కంటి పరీక్షకై ఆస్పత్రికి వెళ్ళినప్పుడు అల్లుడు తోడు వెళ్ళాడు. పిలుపు ఎంతకూ రాలేదు. ఎదురుగా గోడమీద ఒక పెద్ద బోర్డు. ఇంకేం కావాలి? చూపు మసకగా ఉన్నందున ఆవిడ దానిని కూడబలుక్కుంటూ, నలుగురూ తలతిప్పి చూసేలా చదివారు: "ముఖము ఒక పక్కకు జారినను, చేయి పైకి లేవకున్నను, మాట తడబడినను, పక్షవాతము కావచ్చును. వయస్సుతో నిమిత్తము లేదు. ఆలస్యము చేయక అంబులెన్సును పిలువవలెను."

మరునాటికి ఇది కుట్టుదుకాణంలో రంగస్థలమెక్కింది. కొద్దిరోజులలోనే అందరికీ కంఠస్థమైపోయింది. గుండీలకు కాజాలు కుట్టే అక్క బొత్తాం జారవిడిస్తే "చేయి పైకి లేవకున్నను!" అనేది. ఇస్త్రీ తాత ఆవులిస్తే "మాట తడబడినను!" అనేవాడు. ఆ దుకాణంలో ఆ హెచ్చరిక తెలియనివారు లేరు. అయితే అది అందరి మనసులలోనూ నవ్వుల గదిలో చేరిందే తప్ప భయం గదిలో ఎవరికీ చేరలేదు.

ఈ ప్రదర్శన సంగతి అత్తగారికి పొక్కరాదన్నది ఉమ్మడి తీర్మానం. వీధి మలుపులో ఆవిడ గొడుగు కనబడగానే తాత ఇస్త్రీపెట్టెతో బల్లమీద రెండుసార్లు కొట్టాలి. అందరూ బుద్ధిగా తలలు వంచుకోవాలి.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, టీ తాగుతూనే పని సాగుతున్నది. యజమాని దగ్గు ఒకటి దగ్గి, మాస్టరు మళ్ళీ కత్తెర పట్టాడు. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కినట్లనిపించింది. రాత్రి చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నానేమోలే అనుకున్నాడు. నలభై ఇంకా దరిదాపుల్లో లేనివాడికి అంతకు మించి ఏం తోస్తుంది? అంతలో కత్తెర సుద్దగీత దాటి పక్కకు పోయింది. అది ఎవరో వేరేవాళ్ళ తప్పన్నట్టు మాస్టరు దానివంక చూశాడు. మరుక్షణం కత్తెర చేతిలో నుంచి జారి నేలమీద ఖణేలుమన్నది.

"మొదలెట్టాడ్రోయ్!" అన్నాడు తాత ఉత్సాహంగా.

"అక్కా, నా చెయ్యి చూడు" అనబోయాడు మాస్టరు. నోట్లో నుంచి నమిలిన గుడ్డపేలికలా ఏదో వచ్చింది.

కాజాలక్క కిసుక్కుమన్నది. మాస్టరు ఎడమచేత్తో ఒక గుక్క టీ పుచ్చుకుని మరింత గట్టిగా చెప్పబోయాడు. పెదవి కుడివైపున జారి, పుక్కిట ఉన్న టీ గడ్డం మీదుగా కారింది.

"అమ్మో! టీ కారడం కూడా పెట్టాడే! ఇది కొత్తది!"

"ముఖము ఒక పక్కకు జారినను!" అందుకున్నాడు తాత.

"చేయి పైకి లేవకున్నను!" తాళం వేసింది అక్క.

మాస్టరుకు అప్పుడు అర్థమయింది. అత్తగారి గొంతుతోనే ఆ బోర్డు మొత్తం అతని తలలో మొదటినుంచి చివరిదాకా వినబడింది. అది తన గురించే. ఇంతకాలం ఎవరెవరి నోళ్ళో తెచ్చి పెట్టుకున్నవాడికి ఇప్పుడు సొంత నోరు దొరకలేదు. అంతటి చప్పట్లు అందుకోవడం అతని జన్మలో అదే ప్రథమం. ఆపమని వేడుకునే దారి మాత్రం లేదు. చేతివంక చూసుకున్నాడు. బల్లమీద పడి ఉన్నది, ఎవరో మరచిపోయిన చేతితొడుగులాగా.

నవ్వుల హోరులో తాత వీధివైపు చూడడం మానేశాడు.

"చెప్పులు బయట విడువవలెను" అని గుమ్మంలో స్పష్టంగా వినిపించింది. విడిచి, అత్తగారు లోపలికి వచ్చారు. దుకాణం ఒక్కసారిగా కొయ్యబారింది. అక్క సూదిలో దారం ఎక్కించసాగింది. దారం అప్పటికే ఎక్కి ఉన్నది.

"ఆపేశారేం? నా గురించేగా?"

"అబ్బే, అమ్మగారూ, అదేం లేదు..." తాత నీళ్ళు నమిలాడు.

"నాకు తెలీదనుకున్నారా? ఈయన ఇంట్లో చేసి చూపిస్తే మా అమ్మాయి పడీపడీ నవ్వుతుంది. పక్కగదిలో నేనేం చెవిటిదాన్నా?" అంటూ ఆవిడ అల్లుడి దగ్గరికి వచ్చి ముఖంలో ముఖం పెట్టి చూశారు. "ఇదేంటి? నా మూతి కుడిపక్క పైకి లేస్తుంది. ఈయనకి అదే పక్క కిందికి జారింది. నేనెప్పుడున్నానిలా?"

"కొత్త రకంగా చేస్తున్నాడేమోనండీ..."

"అల్లుడుగారూ, నన్ను చూసి నవ్వండి. పళ్ళు కనబడాలి."

సగం ముఖం నవ్వింది.

"రెండు చేతులూ పైకెత్తండి."

ఎడమచెయ్యి లేచింది. కుడిది బల్లను వదలలేదు.

"తడి నేల జాగ్రత్త, అనండి."

మాస్టరు ఏదో అన్నాడు. అందులో తడీ లేదు, నేలా లేదు.

"ఫోనెవరి దగ్గరుంది? అంబులెన్సు పిలవండి. పక్షవాతం అని చెప్పండి, ఆ మాట గట్టిగా చెప్పండి!"

కాజాలక్క ఫోను తీసి నొక్కింది. తాతకు ఇంకా నమ్మకం కుదరలేదు. "ఈ వయసులో పక్షవాతమేంటమ్మా? వస్తే నాకు రావాలిగానీ! గ్యాసయ్యుంటుంది. కాస్త సోడా పట్టిస్తే..."

"మీ వంతుకి తొందరేం లేదు. నోట్లో చుక్క పొయ్యొద్దు, మింగుడు పడక ఊపిరాడదు."

"పోనీ కాసేపు పడుకోబెడదాం. తగ్గుతుందేమో చూద్దాం."

"చూడ్డం డాక్టర్ల పని. మన పని పిలవడం."

"నా స్కూటరు మీద చటుక్కున..."

"మధ్యలో జారి పడితే నేనింకో బోర్డు చదువుకోవాలి. కూర్చోండి!"

కత్తిరించిన గుడ్డల మీదనే అతనిని పక్కకు తిప్పి పడుకోబెట్టారు. అత్తగారు అతని కుడిచేతిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆ సంగతి మాస్టరుకు చూస్తేనే తెలిసింది, స్పర్శ అందలేదు. ఈ చెయ్యి మళ్ళీ కత్తెర పడుతుందా అని అడగాలనుకున్నాడు. అతను అడగకుండానే ఆవిడ, "ఊరుకోండి, వచ్చేస్తున్నారు" అన్నారు. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగలరని అతనికి అంతవరకు తెలియదు.

అంబులెన్సు సిబ్బంది వస్తూనే, "ఈయన చివరిసారిగా మామూలుగా ఉన్నదెప్పుడు?" అని అడిగారు.

"టీ వచ్చినప్పుడండీ," అన్నది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "యజమానిలా దగ్గాడు. అచ్చం ఆయనలాగే దగ్గాడండీ. అప్పటికి బాగున్నట్టే."

ఈ వాంగ్మూలాన్ని వారు మారుమాట లేక స్వీకరించారు.

ఆస్పత్రిలో తలకు స్కాను తీశారు. మెదడులో ఒక నాళానికి నెత్తురు గడ్డ అడ్డుపడిందనీ, వేళ మించకముందే తీసుకువచ్చారు కనుక దానిని కరిగించే మందు ఇవ్వగలుగుతున్నామనీ డాక్టరమ్మ చెప్పింది. "చిన్నవయసే కదా, నిద్రపోతే పోతుందిలే అని ఇంట్లో కూర్చునేవాళ్ళున్నారు. ఆలస్యమైతే ఈ మందుకి వీలుండదు. సరే, ఈయనకి రక్తపోటేమైనా ఉందా?"

"ఉందన్నారండీ," అన్నది పరుగున వచ్చిన మాస్టరు భార్య. "అది చూసిన నర్సు ఎలా తిట్టిందో ఇంటికొచ్చి మాటకి మాట చేసి చూపించాడు. మాత్రలేసుకోవడం మాత్రం మర్చిపోయాడు."

వారు మాట్లాడుకుంటున్నంతసేపూ అత్తగారు వరండాలో ఆ గోడనుంచి ఈ గోడవరకు ఉన్న బోర్డులన్నీ చదివారు. ఆనాడు ఎవరూ నవ్వలేదు.

మాట ముందు వచ్చింది, కుంటుకుంటూ. చెయ్యి దాని వెనుక నింపాదిగా వచ్చింది. పెదవి కుడికొస మాత్రం అలిగిన పెళ్ళికొడుకులా కదలనన్నది. వ్యాయామం చేయించే అమ్మాయి అతని ముందు అద్దం పెట్టి, "పెదవి ఈ చివర పైకి లాగి, కాసేపు ఆపి, వదలండి. రోజూ చెయ్యాలి. కనబడిందల్లా పైకి చదవండి, మాట సాఫవుతుంది" అన్నది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. వైద్యశాస్త్రం రాసిచ్చిన మందు సాక్షాత్తు అత్తగారే!

అది మొదలు ఉదయంపూట అత్తా అల్లుడూ వీధివెంట బోర్డులు చదువుకుంటూ నడిచేవారు. "ఇచ్చట వాహనములు నిలుపరాదు" అని ఆవిడ అందిస్తే, "నిలుపదారు" అని అతను తప్పు పలికేవాడు. "మళ్ళీ!" అనేవారు ఆవిడ. బండి నిలుపుకున్నవాడు కంగారుపడి తీసేవాడు.

మాస్టరు తిరిగి దుకాణానికి వచ్చిన రోజున కత్తెర చేతికిస్తూ అక్క ఒక్క పొర గుడ్డ మాత్రమే పరిచింది. గీత వెంట కత్తెర సాగింది, కాస్త తాగినవాడి నడకలా. "జేబు లోపలికి సరిపోతుందిలే" అన్నది అక్క, ఆ ముక్కను ఎంతో గౌరవంగా మడతపెడుతూ. మాస్టరు వేళ్ళు విప్పి, ముడిచి, మరో పొర పరవమన్నాడు.

అత్తగారు స్టూలు తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నారు. "ఊఁ, కానివ్వండి. నన్ను చెయ్యండి."

"అత్తయ్యా, మీ ముందా?"

"నా వెనకాల ఇన్నాళ్ళూ చేశారుగా. రోజువారీ వ్యాయామం, ఎగ్గొట్టకూడదు."

మాస్టరు "చెప్పులు బయట విడువవలెను" అని చదివి పెదవి లాగాడు. కొస కొద్దిగా కదిలి ఆగిపోయింది. నవ్వాలో కూడదో ఎవరికీ తెలియలేదు.

"ఇంకాస్త పైకి. నేనింత మెత్తగా ఎప్పుడున్నాను?"

ఆ గొంతు వినగానే తాత అలవాటుకొద్దీ ఇస్త్రీపెట్టెతో బల్లమీద రెండుసార్లు కొట్టాడు.

అత్తగారు గుమ్మంవైపు తిరిగి, "ఇప్పుడెవరొస్తున్నారు, ఇంకో అత్తగారా?" అన్నారు.

మాస్టరు పకపకా నవ్వాడు. అద్దం ముందు ఎంత బతిమాలినా లేవని పెదవి కుడికొస, ఆ నవ్వులో తనంతట తానే పైకి లేచింది.