కిటికీకి వెండి షీటు

ఆ రోజుల్లో ఫోన్ చేసి "ఇక్కడ చలి చంపేస్తోంది" అంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మేవారు కాదు. (నిజానికి నేనుండేది షార్జా పొలిమేరల్లోని సజ్జాలో. అయినా గల్ఫులో ఎక్కడున్నా ఊరివాళ్ళకి అది దుబాయే.) "ఎడారిలో చలేంట్రా, తాగి మాట్లాడుతున్నావా?" అని మా పెద్దన్నయ్య ఒకసారి నిలదీశాడు కూడా. ఆయన్ని ఒక్క జనవరి రాత్రి మా క్యాంపులో పడుకోబెడితే తెలిసేది. రేకు గోడలు, రేకు కప్పు, రేకు తలుపు, ఒకే ఒక్క జారుడు కిటికీ. ఆ కిటికీ సందుల్లోంచి ఎడారి గాలి ఈలలు వేసుకుంటూ లోపలికి వచ్చేది. కరోనా వచ్చిన ఏటి చలికాలం అది. నలభై దగ్గర పడ్డాక గల్ఫులో కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి నేను. వయసు ముదురే గానీ ఉద్యోగం లేత. అందుకేనేమో, కుర్రతనంలో చేయాల్సిన ఘనకార్యాలన్నీ అప్పుడు చేశాను.

గదిలో ముగ్గురం. ఒకాయన జగిత్యాల వైపు డ్రైవరు, అందరికన్నా పెద్ద, ఆయన్ని 'అన్న' అనేవాళ్ళం. రెండోవాడు పాలకొల్లు దగ్గరివాడు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. వచ్చిన ప్రతి సంబంధమూ తప్పిపోతుండటంతో క్యాంపు మొత్తానికి అతను 'పెళ్ళికొడుకు' అయిపోయాడు. నన్ను 'బావా' అని పిలిచేవాడు. నేను గోడౌన్లో స్టోర్ కీపర్ని. గదుల్లో హీటరు పెట్టుకోనివ్వరు, నిప్పు భయం. అందుకని పైసా ఖర్చు లేకుండా ఆ కిటికీని నేను జయిస్తానని ప్రకటించాను. చలిదేశాల వాళ్ళ వీడియోలు కాసిని చూసి ఉన్నాను, అంతకు మించి ఏ అర్హతా లేదు.

మొదట పాత పేపర్లు చుట్టలు చుట్టి సందుల్లో కూరి, పైన మైదా జిగురు పూశాను. ఈల ఆగింది. కానీ మైదా రుచికి క్యాంపులోని బొద్దింకలన్నీ మా కిటికీకి విందుకొచ్చాయి. తర్వాత పాత ప్యాంటు కాలొకటి కత్తిరించి, ఇసుక నింపి (సజ్జాలో ఇసుకకి కొదవా!), రెండు చివర్లా కుట్టి కిటికీ అడుగున అడ్డం పెట్టాను. ఇది బ్రహ్మాండంగా పనిచేసింది, ఇప్పటికీ ఎవరడిగినా చెప్తాను. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ లేచిన అన్న మాత్రం కెవ్వుమన్నాడు. "ఏందయ్యా ఇది! కిటికీలకెల్లి కాలు వెట్టి ఎవడో లోపటికి వస్తుండనుకున్న! పానం వోయినంత పనైంది!" ఆ పైన బబుల్ షీటు. అద్దం మీద నీళ్ళు చిలకరించి అంటిస్తే చాలు, బుడగల్లోని గాలే చలిని ఆపుతుంది. ఆపేది కూడా. కానీ పెళ్ళికొడుకు ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఆ కిటికీ పక్కనే నిలబడి బుడగలు టప్పు టప్పుమని నొక్కేవాడు. సంబంధాల మాట వస్తే ఫోన్ భుజానికి ఆనించి రెండు చేతులా నొక్కేవాడు. వారం తిరక్కుండా షీటులో ఊపిరి లేదు. (గదిలో ఇంత చోటుండగా ఫోన్ కోసం కిటికీ దగ్గరికే ఎందుకు వెళ్తున్నాడా అని అప్పుడు నాకు తట్టలేదు.)

చివరికి నా కన్ను గోడౌన్లో ఏసీ గొట్టాలకి చుట్టే వెండి రంగు షీటు మీద పడింది. మిగిలిన ముక్కలు తీసుకోవచ్చా అని ముదీర్‌ని (అక్కడ మేనేజర్ని అలాగే అంటారు) అడిగితే "యల్లా, లేజావ్" అని పట్టుకుపొమ్మన్నాడు. అంగుళం ఖాళీ లేకుండా కిటికీ అంతా కప్పి, అంచులకి టేపు వేశాను. గది ఇడ్లీ పాత్రలా వెచ్చగా అయిపోయింది. "నీ తెలివికి దండం తమ్మీ!" అన్నాడు అన్న. పక్క గదివాళ్ళు వచ్చి చూసి, తమ కిటికీకి కూడా వేసిపెట్టమని బతిమాలారు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. అప్పట్నుంచీ ఫోన్లు సరిగ్గా రావటం లేదని ముగ్గురం కలిసి నెట్‌వర్క్ వాళ్ళని తిట్టుకున్నాం.

ఆ శుక్రవారమే పెళ్ళికొడుక్కి వీడియోలో పెళ్ళిచూపులు. అమ్మాయిది రాజోలు వైపు. షార్జాలోనే ఏదో ఉద్యోగమని పెద్దవాళ్ళు చెప్పారు. వెనక తళతళలాడుతుందని అతన్ని నా వెండి షీటు ముందే కూర్చోబెట్టాను. అన్న తలుపు బార్లా తీసి స్నానానికి వెళ్ళాడు. ఫోన్ చక్కగా కలిసింది.

"నమస్తే అండి. భోంచేశారా?" అన్నాడు పెళ్ళికొడుకు. అప్పటికింకా టిఫిన్ల వేళ కూడా దాటలేదు.

"ఇంకా లేదండి. మీరో?"

"నేనూ లేదండి."

కాసేపు ఇద్దరూ ఆకలితో ఉన్నవాళ్ళలా చూసుకున్నారు. తర్వాత ఆ అమ్మాయే గొంతు సవరించుకుంది. "ముందే ఓ మాట చెప్పేయాలండి. మావోళ్ళు ఆఫీసని చెప్పుంటారు. ఆఫీసు కాదండి. ఒకళ్ళింట్లో పని చేత్తన్నాను. వంటా, అంట్లూ, పిల్లలూ అన్నీ నేనే. ఇదిగో, ఇది ఆళ్ళ వంటిల్లే. పోయిన సంబంధం వాళ్ళు ఈ మాట విన్నాక మరి మాట్లాడలేదండి. మీకు..."

సరిగ్గా అప్పుడే నా పాదాలకి చలి తగిలింది. కాలితో తలుపు నెట్టి మూసేశాను.

ఆమె బొమ్మ నోరు సగం తెరిచి ఆగిపోయింది. ఫోన్ తెగిపోయింది. "ఏమైంది బావా?" అన్నాడు పెళ్ళికొడుకు. "పెట్టేసినట్టుందిరా. వాళ్ళకి ఒక్క చూపు చాలు" అన్నాను, అన్నీ తెలిసినవాడిలా. అతను మళ్ళీ మళ్ళీ నొక్కినా కలవలేదు. అంతలో అన్న తువ్వాలుతో తలుపు తోసుకుని వచ్చాడు. ఫోన్‌లో టింగుమని మెసేజ్ పడింది. పెళ్ళికొడుకు పైకే చదివాడు: "అర్థమైందండి. పర్లేదు. నాకు అలవాటే."

వెంటనే ఫోన్ చేశాడు, ఆమె ఎత్తలేదు. నేను నా ఫోన్ చూసుకున్నాను. సిగ్నల్ నిండుగా ఉంది. తలుపు మెల్లగా మూశాను, పోయింది. తెరిచాను, వచ్చింది. రేకుల గదికి ఆ కిటికీ ఒక్కటే చెవి. నేను దాంట్లో దూది కుక్కాను. ఆ మాట అప్పుడే చెప్పాలి. కానీ పక్క గదివాళ్ళు కత్తెర పట్టుకుని నా కోసం వరండాలో నిలబడి ఉన్నారు. చెప్పలేదు. షీటు పైభాగాన బెత్తెడు మేర కోసేసి, "గాలాడాలిగా" అన్నాను.

మరుసటి శుక్రవారం పెళ్ళికొడుకు అడ్రసు కనుక్కుని, బస్సెక్కి షార్జాలో ఆ ఇంటి గేటు దగ్గరికి వెళ్ళాడు. ఆమె చెత్త సంచీ పట్టుకుని బయటికొచ్చింది. "టవర్ పోయిందండి" అన్నాడట. "మాట దొరక్కపోతే అందరూ టవర్ మీదే ఏత్తారండి" అందట. అతను ఆ సంచీ అందుకుని వెళ్ళి డబ్బాలో వేసి వచ్చాడు. పై వారం మళ్ళీ వెళ్ళాడు. వారం వారం ఆ ఇంట్లో చెత్త పెరుగుతూ వచ్చింది. చివరికి పెళ్ళయింది.

ఇప్పుడు షార్జాలోనే ఉంటున్నారు. మొన్న భోజనానికి పిలిచారు. ఆమె వడ్డిస్తూ వచ్చినవాళ్ళతో నవ్వుతూ అంది: "పనిమనిషినని తెలిసి ఫోన్ పెట్టేసిన మారాజు ఈయనే. తర్వాత జాలేసి వచ్చాడు." అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కానీ తల కంచంలోకి వంచుకుని నవ్వాడు. ఇన్నేళ్ళుగా ఆ మాట ఆ ఇంట్లో తిరుగుతోందని నాకు అప్పుడే తెలిసింది. కలిపిన ముద్ద కంచంలో పెట్టేశాను. "చెల్లెమ్మా, పెట్టేసింది వీడు కాదు, నేను" అని వెండి షీటు దగ్గర్నుంచి తలుపు దాకా అంతా చెప్పేశాను.

ఆమె గరిట గిన్నెలో పెట్టేసింది. మొగుడి వైపు చూసింది, చాలాసేపు. తర్వాత నా వైపు తిరిగింది. "అన్నయ్యా, ఇన్నేళ్ళూ ఈయన్ని అన్న మాటలన్నీ ఇప్పుడు మీకు అప్పజెప్పాలి. చెయ్యి కడుక్కుని తీరిగ్గా కూర్చోండి" అంది. కూర్చున్నాను. అప్పజెప్పింది. పెళ్ళికొడుకు మాత్రం తలెత్తి, రెండోసారి పులుసు వేయించుకుని, హాయిగా తిన్నాడు.

ఇప్పుడు నేను దుబాయ్‌లో నైఫ్ అనే పేటలో, సిమెంటు గోడల గదిలో ఉంటున్నాను. చలికాలం రాగానే ఇసుక కాలూ, బుడగల షీటూ, వెండి షీటూ యథావిధిగా పెడతాను. నా పద్ధతుల్లో లోపం లేదని ఇప్పటికీ నా నమ్మకం. సిమెంటు గోడల గదికి సిగ్నల్ ఎటునుంచైనా వస్తుంది. అయినా షీటు పైన బెత్తెడు వదిలేస్తాను. అందులోంచి చలి తిన్నగా నా మొహం మీదికే వస్తుంది. సజ్జాలో కాలితో తలుపు నెట్టిన ఆ మహా మేధావిని తల్చుకుని నవ్వుకుంటూ, దుప్పటి ముక్కు దాకా లాక్కుంటాను.