మాటల రీలు, నా మీసం

ఆ రోజుల్లో సినిమా ఒకసారి కళ్ళ ముందు నుంచి దాటిపోతే మళ్ళీ దొరికేది కాదు. ఇప్పటి పిల్లలకు ఇది చెప్తే నవ్వుతారు. చంపింది ఎవరో తెలియకపోతే వేలితో తెరను కాస్త ముందుకు తోస్తారు, హంతకుడు చేతులెత్తి బయటికి వస్తాడు. నేను మాత్రం ఒక హంతకుడు ఎవరో తెలుసుకోవడానికి కర్నూలు నుంచి కడప దాకా బస్సులో వెళ్ళాను, అదీ నా పెళ్ళిచూపుల రోజున. అయినా తెలియలేదు. మొన్న ఆదివారం తెలిసింది. ఈ మధ్యలో నాకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ కూతురికీ పెళ్ళయింది, మీసం తెల్లబడింది. ఈ కథలో ముఖ్యమైనది ఆ మీసమే.

అప్పట్లో నేను కర్నూలులో ఒక విత్తనాల దుకాణంలో గుమాస్తాను. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా పక్క వీధి గ్రంథాలయంలో సొంతంగా పూర్తి చేశాను (అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాణ్ణి). అపరాధ పరిశోధన నవలల బీరువా ఖాళీ చేశాక, చెదలు తినగా మిగిలిన పాత సినిమా పత్రికల సంపుటాలు పట్టాను. సస్పెన్సు అంటే ఏమిటో, మనిషి కన్నా ముందు అతని నీడను గోడ మీద ఎందుకు చూపిస్తారో అక్కడే తెలిసింది. ఇంగ్లీషు మాటలు నాకు సగమే అర్థమవుతాయన్న సంగతి మాత్రం అక్కడ ఎవరూ రాయలేదు. మా ఊరి హాల్లో ఆదివారం పొద్దుటి ఆటకు పాత ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్ళు. నేను కూర్చోగానే నా చుట్టూ రెండు వరుసలు నిండేవి. "ఏమంటాండాడప్పా?" అని వెనక నుంచి భుజం తట్టేవారు, నేను తెలుగులో చెప్పేవాణ్ణి. అర్థం కాని చోట "ఇది చెవితో వినేది కాదు, కంటితో చూసేది" అనేవాణ్ణి. అట్లా నాకు ఇంగ్లీషప్ప అని పేరు పడింది.

నా పక్క కుర్చీ ఎప్పుడూ కత్తెర మామది. మా దుకాణం పక్కన కోట్లు కుట్టే దర్జీ ఆయన. పరిచయమైన మొదటి రోజే నన్ను అల్లుడూ అన్నాడు, నేను మామా అన్నాను. ఇద్దరికీ అభిప్రాయాలు ఎక్కువ. గుర్రాల సినిమాలకు నా మనసులో మొదటి పీట. ఎర్రమట్టి, బండలు, ముళ్ళకంప, దుమ్ము: పత్తికొండ బస్సు కిటికీలోంచి కనిపించేదంతా తెర మీదే ఉండేది, టమాటా గంపలు తప్ప. నేరాల సినిమాల్లో డిటెక్టివు ఇంట్లోకి వచ్చినా టోపీ తీయడు, హంతకుడు మాత్రం మర్యాదగా తీస్తాడు. అక్కడే పట్టుకోవచ్చని నా సిద్ధాంతం. ఇక దడ పుట్టించే సినిమాల్లో, చప్పుడు వినిపించిన గదిలోకి ఆ ఇంటి ఆడమనిషి ఒక్కతే ఎందుకు పోతుందో నాకిప్పటికీ అంతు చిక్కదు. మా వీధిలో అయితే వీధి మొత్తాన్ని లేపి, వాళ్ళందరినీ ముందు పంపి, తాను వెనక నిలబడుతుంది. మామ చూసేవి వేరు. ఆయన కోటు భుజం ఎట్లా కూర్చుందో చూసేవాడు. ఆ తర్వాత గుర్రాన్ని. "పొద్దన్నించి ఎండలో తిప్పుతాండాడు గదా, ఆ గుర్రానికి నీళ్ళు యాడ తాపినాడు?" అని ఒకసారి గట్టిగానే అడిగాడు. హాలు హాలంతా ఆలోచనలో పడింది. అప్పటి నుంచి తెర మీద గుర్రం కనిపిస్తే చాలు, వెనక బెంచీల నుంచి "నీళ్ళు! నీళ్ళు!" అని కేకలు. బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడి వచ్చిన మనుషులు మరి.

అందుకే ఆ సినిమా మా వాళ్ళను అంతగా పట్టుకుంది. ఒక ఎండిన ఊరు, ఊరంతటికీ ఒకటే బావి, ఆ బావి యజమానిని ఎవరో కాల్చి చంపేస్తారు. ఇంటర్వెల్లో టీ కొట్టు దగ్గర నేను తీర్పు చెప్పేశాను. "డాక్టరే. ఎవరి మీద అనుమానం రాదో వాడే హంతకుడు. లైబ్రరీలో ఏ పుస్తకం తీసినా అంతే."

"డాక్టరుకు బావితో ఏం పనప్పా?" అన్నాడు మామ. "చంపింది బామ్మర్ది. ఆస్తి ఉండేకాడ మొదట బామ్మర్ది మొగం చూడాల."

"వాణ్ణి అందరూ అనుమానిస్తాండారు మామా. అందుకే వాడు కాదు."

"అందరికీ ఊరికే వస్తాదా అనుమానం? నువ్వు పుస్తకాలు చదివినావు గానీ బామ్మర్దులను చూళ్ళేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఎక్కడో కాలింది. "డాక్టరు కాకపోతే నా మీసం తీసేస్తా!" అన్నాను. "డాక్టరే అయితే నీ పెళ్ళికి కోటు ఊరకనే కుట్టిస్తా పో" అన్నాడు మామ. టీ కొట్టు అంతా సాక్ష్యం.

ఇంటర్వెల్ తర్వాత కాల్పులు, పరుగులు అయ్యాయి. చివరికి ఆ ఊరి పోలీసు పెద్ద అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టాడు. చెయ్యి ఎత్తాడు, నోరు తెరిచాడు. మరుక్షణం గుర్రమెక్కి కొండల్లోకి వెళ్ళిపోతున్నాడు. శుభం. మా హాల్లో నేరాల సినిమాలు ఎక్కువగా ఇట్లాగే ముగిసేవి. దీని మీద నాకు ఒక సిద్ధాంతం ఉండేది: గొప్ప దర్శకులు హంతకుడెవరో చెప్పరు, ప్రేక్షకుడి ఊహకు వదిలేస్తారు. గ్రంథాలయ వారోత్సవాల్లో ఈ విషయం మీద ప్రసంగం కూడా చేశాను (చప్పట్లు కొట్టారు). మామ మాత్రం ఒప్పుకోలేదు. "దర్శకుడు చెప్పకపోతే పందెం ఎట్ల తేలాల?" అని నన్ను మెట్లెక్కించి ఆపరేటరు గదికి లాక్కెళ్ళాడు.

ఆపరేటరు మూలనున్న రేకు డబ్బాను కాలితో తట్టాడు. "ఇదో, ఈడ ఉండాడు మీ హంతకుడు. మాటల రీలప్పా ఇది. అందరూ ఒక గదిలో కూచోని మాట్లాడుకుంటాండారు, కొట్లాట లేదు, ఏమీ లేదు. మ్యాట్నీకి టైము చాలదని మేనేజరు తీసేయమంటాడు. ఇంగ్లీషు బొమ్మల్లో యాడో ఒకచోట ఇట్లాంటి రీలు ఉంటాదిలే."

నా ప్రసంగం, ఆ చప్పట్లు అన్నీ ఆ డబ్బాలో పడి మూత పడినట్టయింది. ఆ ఒక్క రీలూ వేసి చూపించమని బతిమాలాం. కుదరదన్నాడు. "పెట్టె కడపకు పోతాండాది. వచ్చే ఆదివారం ఆడ ఆట. వాళ్ళు అన్ని రీళ్ళూ వేస్తారు, పోయి చూసుకోండి."

ఆ వారంలోనే ఊరి నుంచి అమ్మ వచ్చింది. వచ్చే ఆదివారమే పెళ్ళిచూపులు, ఒంటిమిట్ట పక్క పల్లెలో. "పిల్ల నాయనకు నీ ఫోటో శానా నచ్చినాదంట. పిల్లోడు సన్నగా ఉన్నా మీసం దిట్టంగా ఉండాది అన్నాడంట" అని మురిసిపోయింది. నా చెయ్యి మీసం మీదికి పోయింది. నిజానికి ఆ దిట్టం నాది కాదు, ఫోటో స్టూడియో ఆయన పెన్సిలుది. అయినా పెన్సిలు దిద్దడానికి కిందనైనా ఏదో ఒకటి ఉండాలి కదా. మామకు చెప్తే "పందెం మర్చిపో, పెళ్ళి చేసుకో" అన్నాడు. మర్చిపోయేవాణ్ణే. కానీ విత్తనాలు తూచుతున్నా, అన్నం తింటున్నా ఒకటే ప్రశ్న: ఎవరు చంపారు? అమ్మానాన్నలు ముందురోజే ఒంటిమిట్టకు వెళ్ళి గుడి చూసుకుని చుట్టాలింట్లో దిగారు. నేను కడప మీదుగా వస్తానని చెప్పి, పెద్దమనిషి తోడుగా మామను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

కడపలో అన్ని రీళ్ళూ వేశారు. పోలీసు పెద్ద అందరినీ గదిలో కూర్చోబెట్టాడు. చెయ్యి ఎత్తాడు, నోరు తెరిచాడు. కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగిపోయాయి, ఈలలు మొదలయ్యాయి. కొత్త చొక్కా వీపుకు అతుక్కుపోయేదాకా కూర్చున్నాం. చివరికి మామే లేపాడు. "నువ్వు పో అల్లుడూ. రాహుకాలం వస్తే మీ నాయన ఒప్పుకోడు. నేను ఉండి చూసుకోని వస్తా."

"చూసింది చూసినట్టు చెప్పాల మామా."

"పోప్పా ముందు, బస్సు పోతాది!"

పెళ్ళివారింట్లో చాప మీద కూర్చున్నాను. పిల్ల తలవంచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏమన్నా అడుగుతావా నాయనా?" అన్నారు ఎవరో. నేను గేటు వైపు చూస్తున్నాను. అమ్మ నా తొడ గిల్లింది. పిల్ల నాయన నా మొహాన్నీ చేతిలోని ఫోటోనూ మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు వచ్చాడు మామ, చెమటలు కక్కుకుంటూ. నా పక్కన కూర్చుని కజ్జికాయ అందుకున్నాడు. నేను కనుబొమ్మలు ఎగరేశాను. "కరెంటు రాలేదల్లుడూ" అని గొణిగాడు. "హాలు మూసేసినారు." అని నా మీసం వైపు ఒకసారి చూసి ఇంకో కజ్జికాయ తీసుకున్నాడు.

సంబంధం ఖాయమైంది. పెళ్ళికి మామ నల్లకోటు కుట్టి తెచ్చాడు. పందెం తేలలేదు కదా, ఊరకనే ఎందుకంటే "నాకే అనుమానంగా ఉండాది. డాక్టరే అయ్యుంటాడు లే" అన్నాడు. నా పుస్తకజ్ఞానానికి అంతకన్నా గౌరవం ఏం కావాలి? ఆ కోటులో ఎడమ చంక కింద, లోపలి గుడ్డలో, ఏటవాలుగా ఒక దొంగజేబు పెట్టాడు. దానికో మూత, మూతకో చిన్న గుండీ. "ఇట్లాంటిది కర్నూల్లో ఎవురికీ లేదు" అన్నాడు. నేను అందులో గ్రంథాలయం సభ్యత్వ కార్డు పెట్టుకుని తాళి కట్టాను.

మొన్న ఆదివారం కూతురు ఇంటికొచ్చి, బావి కథ నా నోట విని, ఫోన్లో వెతికి ఆ సినిమాను టీవీలో పెట్టింది. పోలీసు పెద్ద చెయ్యి ఎత్తాడు, నోరు తెరిచాడు. ఈసారి కరెంటు పోలేదు. ఆయన నేరుగా బామ్మర్ది దగ్గరికి వెళ్ళి వాడి కోటు విప్పించాడు. ఎడమ చంక కింద, లోపలి గుడ్డలో, ఏటవాలుగా ఒక జేబు, దానికో మూత, మూతకో చిన్న గుండీ. అందులో చచ్చిపోయినవాడి గడియారం.

సినిమా ఆపించి బీరువాలోంచి పెళ్ళికోటు తీశాను. తిప్పి చూశాను. స్పీకరు పెట్టి మామకు ఫోన్ చేశాను.

"మామా, ఆ పొద్దు కడపలో కరెంటు ఎప్పుడొచ్చింది?"

అవతల దగ్గు కలిసిన నవ్వు. "నీ బస్సు మలుపు తిరిగిందో లేదో, వచ్చేసినాది."

"మరి రాలేదంటివే!"

"ఆ పిల్ల నాయన నీ మీసాన్నే చూస్తాండె గదప్పా. నేనేమని చెప్పేది? ఆ జేబు మాత్రం శానా బాగుండె. చూసినాక కుట్టకుండా ఎట్ల ఉండేది?"

పక్కనే పప్పు ఏరుతున్న మా ఆవిడ తల ఎత్తింది. "మీసమా? నేనా పొద్దు తలే ఎత్తలేదు. మీ మేజోళ్ళే చూసినా. ఒకటి నలుపు, ఒకటి నీలం."

(ఇన్నేళ్ళలో ఈ మాట ఒక్కసారీ అనలేదు. మా ఇంట్లోనూ ఒక మాటల రీలు పక్కన పెట్టి ఉందన్నమాట.)

"అయితే ఇప్పుడు మీసం తీసేయాల్సిందేనా మామా?" అన్నాను.

"ఆగప్పా, తొందరేముండాది? ఆదివారం మీ ఇంటికొస్తా, మొదట్నించి పెట్టు. ఆ పొద్దు జేబు చూస్తా చూస్తా గుర్రాన్ని మర్చిపోయినా. దానికి నీళ్ళు తాపినారా?"

నేనూ గమనించలేదు. ఫోన్ పెట్టేసి అద్దం ముందు నిలబడి తెల్ల మీసాన్ని దువ్వుకున్నాను. పెళ్ళికూతుర్ని వదిలేసి గేటు వైపు చూస్తూ కూర్చున్న ఆ సన్నటి కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాడి పెన్సిలు మీసం కన్నా ఇదే కాస్త దిట్టంగా ఉంది. ఆ గుర్రం నీళ్ళు తాగేదాకా దీనికి ఢోకా లేదు.